పాత అమెరికా వెండి డాలర్: అండమాన్‌లో ఉండి కొనేవారు ముందే చూసుకోవాల్సినవి

అమెరికాలో అమ్మకానికి పెట్టిన 1921 నాటి వెండి డాలర్‌ను శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)లో ఉన్న ఒక సేకర్త ఆన్‌లైన్‌లో కొన్నారనుకుందాం. డబ్బు కట్టడం ఐదు నిమిషాల పని. సుంకం కట్టి, కొన్ని వారాలు ఆగితే నాణెం చేతికి వస్తుంది. పెట్టె విప్పాక అది నకిలీయేమోనన్న అనుమానం వస్తే? లేదా అసలుదే అయినా, దాని నాణ్యతను ధ్రువీకరించే అమెరికా సంస్థకు పంపాలనిపిస్తే? అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

భారత చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు వ్యక్తులకు లేదు. అంటే పాత వెండి డాలర్ భారత్‌లోకి రావడానికి దారి ఉంది గానీ, తిరిగి వెళ్లడానికి దాదాపు లేదు. అందుకే ఈ నాణేలు కొనే అమెరికన్‌కూ, ఇక్కడి కొనుగోలుదారుకూ చాలా తేడా ఉంది. అక్కడివారు ముందు కొని తర్వాత పరీక్ష చేయించుకోవచ్చు. ఇక్కడివారు పరీక్షలన్నీ నాణెం అక్కడ ఉండగానే ముగించుకోవాలి.

అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నవారికి ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ అవసరం. నాణేల పెద్ద వేలాలు జరిగేది ముంబయి, బెంగళూరు, అహ్మదాబాద్ వంటి నగరాల్లో. విశాఖపట్నం నుంచో చెన్నై నుంచో ఓడలో వస్తే రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అమెరికాలో బంధువులున్న తెలుగు కుటుంబాలకు కొదవ లేదు కాబట్టి, ‘వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా’ అనే మాట కూడా మామూలే. ఆ మాటకూ కొన్ని షరతులున్నాయి.

ఏవి పాత వెండి డాలర్లు?

అమెరికా 1792 టంకశాల చట్టంతో డాలర్‌ను తన ద్రవ్యంగా స్థిరపరచుకుంది. మొదటి వెండి డాలర్లు 1794లో వచ్చాయి. ఆ ఏడాది తయారైనవి 1,758 మాత్రమే. వాటిలో అత్యుత్తమ స్థితిలో ఉన్నదిగా పేరుపడిన ఒక నాణెం 2013 వేలంలో కోటి డాలర్లకు పైగా పలికింది. 1804 సంవత్సరం ఉన్న డాలర్లు ప్రపంచం మొత్తం మీద అతి కొద్ది మాత్రమే తెలుసు. వాటినీ 1804లో ముద్రించలేదు. మస్కట్ సుల్తాన్‌కు, సయాం రాజుకు దౌత్య కానుకలుగా ఇవ్వడానికి 1834లో మొదలుపెట్టి తయారు చేశారు. కాబట్టి ‘మా తాతగారి పెట్టెలో 1804 డాలర్ దొరికింది’ అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో మాట ముగించవచ్చు.

మామూలు సేకర్త అందుకోగలిగినవి తర్వాతి కాలానివి. 1878 నుంచి 1904 వరకూ, మళ్లీ 1921లోనూ వచ్చిన మోర్గాన్ డాలర్, 1921 నుంచి 1928 వరకూ, ఆపై 1934, 1935లలో వచ్చిన పీస్ డాలర్. మొదటిదాన్ని రూపొందించినది జార్జ్ టి. మోర్గాన్, రెండోదాన్ని ఆంథొనీ డి ఫ్రాన్సిసీ. పీస్ డాలర్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి శాంతికి గుర్తు.

రెండింటి కొలతలూ ఒకటే. బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి, 10 శాతం రాగి. మన పాత తులం లెక్కలో చెప్పాలంటే రెండుంబావు తులాల కంటే కాస్త ఎక్కువ. ఇక్కడ తులం అంటే 11.66 గ్రాములు, అంటే బ్రిటిష్ కాలపు వెండి రూపాయి బరువు. ఇప్పటి దుకాణాల్లో చాలామంది అనే పది గ్రాముల తులం కాదు. డాలర్‌లో ఉన్న మేలిమి వెండి 24.06 గ్రాములు, అంటే 0.7734 ట్రాయ్ ఔన్సు. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకుంటే ధర లెక్కలో మోసపోయే అవకాశం సగం తగ్గుతుంది.

వీటితో పాటు ‘ట్రేడ్ డాలర్’ ఒకటి ఉంది. చైనాతో వ్యాపారానికి 1873లో మొదలుపెట్టారు. చలామణి కోసం ముద్రణ 1878తో ఆగింది. బరువు కాస్త ఎక్కువ, 27.22 గ్రాములు. 420 గ్రెయిన్లు, 900 మేలిమి అని నాణెం మీదే రాసి ఉంటుంది. చైనా వర్తకులు వెండిని పరీక్షించి కొట్టిన చిన్న ముద్రలు కొన్నిటిపై కనిపిస్తాయి. ఆగ్నేయాసియా పర్యాటక మార్కెట్లలో తట్టల్లో పోసి అమ్మే ‘అమెరికా వెండి డాలర్లు’ చాలావరకు వీటి నకిలీలే. బ్యాంకాక్ వెళ్లినవారు జ్ఞాపికగా తెచ్చుకుంటే తప్పులేదు, నాణెంగా ధర పెట్టి కొంటేనే నష్టం.

భారత్ కోసం కరిగిన డాలర్లు

మోర్గాన్ డాలర్ ఎందుకు అరుదు, ఎందుకు కాదు అన్నది అర్థం కావాలంటే 1918లో భారత్‌లో ఏం జరిగిందో తెలియాలి. దూరపు దేశపు నాణెం అనుకుంటాం గానీ, దీని చరిత్రలో అతి పెద్ద మలుపు మన దేశం కారణంగా వచ్చింది.

1878 బ్లాండ్-అలిసన్ చట్టం ప్రకారం అమెరికా ఖజానా ప్రతి నెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలుగా మార్చాల్సి వచ్చింది. ఇది గనుల యజమానుల ఒత్తిడితో వచ్చిన చట్టం. జనానికి అన్ని బరువైన నాణేల అవసరం లేదు. ముద్రించినవి ముద్రించినట్టే సంచుల్లో కట్టి ఖజానా గదుల్లో పడేశారు. వాటికి బదులు కాగితపు వెండి సర్టిఫికెట్లు చలామణి అయ్యాయి. 1904 నాటికి అలా తయారైన మోర్గాన్ డాలర్లు 57 కోట్ల వరకూ ఉంటాయి.

ఇక్కడ, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌కు భారత్ నుంచి సరుకు భారీగా వెళ్లింది. దాని చెల్లింపులు లండన్ ఖాతాల్లో పేరుకున్నాయి. భారత్‌లో రైతుకూ, కూలీకీ, సిపాయికీ ఇవ్వాల్సింది మాత్రం వెండి రూపాయి. కరెన్సీ నోటు తెచ్చినవారికి వెండి రూపాయలు ఇస్తామన్నది సర్కారు హామీ. వెండి నిల్వలు తరిగిపోతుంటే 1917 నవంబర్ 30న ఒక రూపాయి నోటు తెచ్చారు. ఆ వెంటనే రెండున్నర రూపాయల నోటూ వచ్చింది. చిన్న నాణేల్లో వెండిని పొదుపు చేయడానికి రెండణాల నాణేన్ని 1918లో, నాలుగణాలు, ఎనిమిదణాల నాణేలను 1919లో రాగి-నికెల్ మిశ్రమంతో చేశారు. అయినా 1918 వేసవి నాటికి నోట్లు పట్టుకుని వెండి కోసం వచ్చేవారి వరసలు ఆగలేదు. నోటుకు రూపాయి ఇవ్వలేకపోతే యుద్ధం మధ్యలో పాలనే తలకిందులవుతుందన్న భయం బ్రిటిష్ వారిని అమెరికా వైపు చూసేలా చేసింది.

1918 ఏప్రిల్ 23న అమెరికా పిట్‌మన్ చట్టం చేసింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరు మీద వచ్చిన ఈ చట్టం 35 కోట్ల వరకు డాలర్లను కరిగించడానికి అనుమతించింది. వాస్తవంగా కరిగించినవి 27,02,32,722. అందులో 25,91,21,554 డాలర్ల వెండిని బ్రిటన్‌కు అమ్మారు. అది భారత్‌కు వచ్చి బొంబాయి, కలకత్తా టంకశాలల్లో అయిదో జార్జి బొమ్మ ఉన్న రూపాయలుగా మారింది.

ఒక డాలర్‌లోని వెండితో రెండుంబావు రూపాయలు తయారవుతాయి. ఆ లెక్కన అప్పుడు వచ్చిన సుమారు 6,200 టన్నుల వెండి 58 కోట్ల రూపాయలకు సరిపోతుంది. మన ఇళ్లలో అమ్మమ్మలు దాచిన 1918, 1919, 1920 నాటి రూపాయి బిళ్లల్లో కార్సన్ సిటీ, న్యూ ఆర్లియన్స్ టంకశాలల డాలర్ల వెండి ఉండి ఉండవచ్చు. ఏ బిళ్లలో ఉందో చెప్పే మార్గం లేదు.

సేకర్తకు పనికొచ్చే విషయం ఏమిటంటే, కరిగించేటప్పుడు ఏ సంవత్సరం నాణేలు ఎన్ని అన్న లెక్క ఎవరూ రాయలేదు. కాబట్టి ‘ఈ ఏడాది ఇన్ని లక్షలు ముద్రించారు’ అనే అంకె చూసి అరుదో కాదో తేల్చలేం. పట్టికలో లక్షల్లో కనిపించే ఒక సంవత్సరం నాణేలు చాలావరకు భారత రూపాయలుగా మారిపోయి ఉండవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ 1903లో న్యూ ఆర్లియన్స్‌లో ముద్రించిన డాలర్. ముద్రించినవి 44,50,000. అయినా 1962 వరకూ కొత్తదనం చెడని నాణెం దొరకడమే గగనంగా ఉండేది. అన్నీ కరిగిపోయాయనే అందరూ అనుకున్నారు. ఆ ఏడాది చివర్లో ఖజానా గదుల్లో మిగిలిపోయిన సంచులు బయటపడ్డాయి. వందల డాలర్లు పలికిన నాణెం ధర కొద్ది రోజుల్లోనే కుప్పకూలింది. అంతకుముందు వారం కొన్నవారి సంగతి ఊహించుకోవచ్చు.

పిట్‌మన్ చట్టంలో మరో మెలిక ఉంది. కరిగించిన ప్రతి డాలర్‌కూ బదులుగా అమెరికా గనుల నుంచి ఔన్సు డాలర్ చొప్పున వెండి కొని మళ్లీ నాణెం ముద్రించాలి. 1921లో మోర్గాన్ డాలర్ తిరిగి ప్రత్యక్షం కావడానికి కారణం ఇదే. ఆ ఒక్క ఏడాదే 8 కోట్లకు పైగా తయారయ్యాయి. 1928 వరకూ వచ్చిన పీస్ డాలర్లూ ఈ బాకీ కిందివే. ఇవాళ కొత్త సేకర్తకు చవగ్గా దొరికే 1921 మోర్గాన్, ఒక రకంగా భారత్ కోసం చేసిన అప్పు తీర్చడానికి పుట్టిన నాణెం.

ధర ఎలా తేలుతుంది?

ముందు వెండి విలువ. ఆ రోజు ఔన్సు వెండి ధరను 0.7734తో గుణిస్తే కరిగింపు విలువ వస్తుంది. ఔన్సు 30 డాలర్లు ఉంటే నాణెంలోని వెండి 23.20 డాలర్లు, 50 ఉంటే 38.67. 2025 అక్టోబర్‌లో వెండి 50 డాలర్లు దాటినప్పుడు, అప్పటిదాకా సేకర్తల ధర ఉన్న మామూలు డాలర్లు చాలావరకు లోహం ధరతోనే కదిలాయి. అరిగిపోయిన 1921 మోర్గాన్‌ను ‘వందేళ్ల పురాతన నాణెం’ అంటూ వెండి విలువకు మూడింతలు అడిగితే కొనకూడదు. వయసుకు విడిగా ధర లేదు.

తర్వాత సంవత్సరం, టంకశాల. మోర్గాన్ డాలర్ వెనుక వైపు దండ కింద చిన్న అక్షరం ఉంటుంది. సీసీ అంటే కార్సన్ సిటీ, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లియన్స్, 1921లో మాత్రం డి అంటే డెన్వర్. అక్షరం లేకపోతే ఫిలడెల్ఫియా. 1893 శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్లు లక్ష మాత్రమే వచ్చాయి. మోర్గాన్ వరసలో అందరూ వెతికేది దాన్నే, నకిలీలు ఎక్కువ వచ్చేదీ దానికే. 1895 ఫిలడెల్ఫియా డాలర్లలో ఇప్పుడు తెలిసినవన్నీ సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించిన 880 ప్రూఫ్ నాణేల్లోవే.

మూడోది నాణ్యత స్థాయి, ఇంగ్లిష్‌లో గ్రేడ్ అంటారు. 1 నుంచి 70 వరకు ఉండే ఈ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ పెద్ద సెంట్ల కోసం రూపొందించారు. తర్వాత అన్ని నాణేలకూ వ్యాపించింది. 60, ఆపైన ఉంటే చలామణి కానిది. 1884 శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్‌ను చూస్తే స్థాయి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. అరిగిన స్థితిలో అది మామూలు డాలర్ల కంటే కొంచెమే ఎక్కువ. చలామణి కాని స్థితిలో కారు ధర. మధ్యలో ఉన్న తేడా జుట్టు గీతల్లో, చెంప మెరుపులో ఉంటుంది. ఫొటో చూసి దాన్ని తేల్చడం అనుభవజ్ఞులకే కష్టం.

అందుకే సముద్రం అవతలి నుంచి కొనేవారు పీసీజీఎస్ (1986లో మొదలైంది), ఎన్‌జీసీ (1987) సంస్థలు పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో మూసిన నాణేన్నే కొనడం మేలు. ఈ పెట్టెను స్లాబ్ అంటారు. దాని మీద ఉన్న నంబర్‌ను ఆ సంస్థల వెబ్‌సైట్లలో కొట్టి చూడవచ్చు. నంబర్ సరిపోతే చాలదు, ఎందుకంటే నిజమైన నంబర్‌తో దొంగ స్లాబ్‌లూ వస్తున్నాయి. సంస్థ దగ్గర ఫొటో ఉంటే, అందులోని గీతలు, మచ్చలు అమ్మకందారు పెట్టిన ఫొటోలోని నాణెం మీద అదే చోట ఉన్నాయో లేదో చూడాలి. ధరల కోసం పీసీజీఎస్ ఉచితంగా ఇచ్చే పట్టిక, ఏటా వెలువడే ‘రెడ్ బుక్’, హెరిటేజ్, స్టాక్స్ బవర్స్, గ్రేట్‌కలెక్షన్స్ వేలాల పాత ఫలితాలు ఉన్నాయి. అడిగిన ధరకన్నా అమ్ముడైన ధరే ప్రమాణం.

స్లాబ్ మీద అంకెకు బదులు ‘డీటెయిల్స్’ అని ఉంటే నాణెం అసలుదే గానీ, తోమారనో గీశారనో అర్థం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. వెండి నల్లబడితే చింతపండుతోనో విభూతితోనో తోమి మెరిపించడం మన ఇళ్లలో అలవాటు. దీపపు కుందికి అది మంచిదే. నాణేనికి అలా చేస్తే దాని సేకరణ విలువలో పెద్ద భాగం ఆ మధ్యాహ్నమే పోతుంది.

చేతికందిన నాణేన్ని ఎలా పరీక్షించాలి?

స్లాబ్ లేని నాణెం దేశంలోనే ఎవరి దగ్గరో దొరికినప్పుడు ఈ పరీక్షలు ఉపయోగపడతాయి. నగల దుకాణాల్లో వాడే, వందో వంతు గ్రాము చూపించే డిజిటల్ కాటా చాలు. కొత్త నాణెం 26.73 గ్రాములకు పదో వంతు గ్రాము అటూఇటూగా ఉండాలి. బాగా అరిగినది అర గ్రాము వరకూ తగ్గవచ్చు. ఎక్కువ బరువు తూగితే మాత్రం అనుమానించాల్సిందే, అరుగుదల బరువును పెంచదు కదా.

బరువు సరిపోయేలా చేసిన నకిలీలూ ఉన్నాయి. వాటికి నీటి పరీక్ష. గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేయాలి. సన్నని దారంతో నాణేన్ని గ్లాసు అడుగుకు, అంచులకు తగలకుండా నీటిలో పూర్తిగా ముంచి వేలాడదీయాలి. కాటా సుమారు 2.6 గ్రాములు చూపాలి. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే 10.3 దగ్గర రావాలి. రాగి, నికెల్, జింక్ మిశ్రమాలతో చేసిన నకిలీలకు 9 లోపే వస్తుంది. తర్వాత మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. అయస్కాంతానికి అంటుకుంటే ఈ శ్రమ కూడా అక్కర్లేదు.

తూకం పట్టలేని మోసం ఒకటుంది. అసలైన మామూలు డాలర్ మీద చిన్న అక్షరం అతికించడం, లేదా చెక్కేయడం. 1893 ఫిలడెల్ఫియా నాణేనికి ఎస్ అతికిస్తే అరుదైన నాణెం అవుతుంది. 1895 న్యూ ఆర్లియన్స్ నాణెంలో ఓ చెక్కేస్తే దొరకని ఫిలడెల్ఫియా నాణెం అవుతుంది. వెండి అసలుదే కాబట్టి కాటా, నీళ్లు రెండూ ‘సరే’ అంటాయి. అరుదైన సంవత్సరాలను స్లాబ్ లేకుండా కొనకూడదన్నది ఇందుకే.

తెప్పించుకునే దారి

చాలామంది అమెరికా అమ్మకందారులు నాణేలను భారత్‌కు పంపరు. పోస్టు, కొరియర్ సంస్థలు నాణేల మీద పెట్టే ఆంక్షలు ఒక కారణం. పంపేవారు దొరికితే ముందుగానే ఏ పద్ధతిలో, ఎంత బీమాతో పంపుతారో రాతపూర్వకంగా తీసుకోవాలి. సొంతానికి ఒకటీ రెండూ తెప్పించుకునేవారికి ఎగుమతి దిగుమతి కోడ్ అక్కర్లేదు. అమ్మడానికి తెప్పిస్తే కావాలి.

కస్టమ్స్ వర్గీకరణలో నాణేలకు 7118 శీర్షిక ఉంది. సేకరణ విలువ ఉన్న నాణేలకు 9705 ఉంది. 2022 నుంచి ఆ రెండో దానిలో వందేళ్లు దాటినవాటికీ, దాటనివాటికీ వేర్వేరు ఉపశీర్షికలు వచ్చాయి. 1921 మోర్గాన్ ఒక గీతకు ఇటు, 1935 పీస్ డాలర్ అటు. ఏ శీర్షిక వర్తిస్తుందన్నది అధికారి నిర్ణయం. నాణెం వయసు, సేకరణ విలువ చూపే ఇన్వాయిస్, స్లాబ్ నంబర్ ముద్రణ దగ్గరుంటే వాదన తేలికవుతుంది. సుంకాలు తరచూ మారతాయి. వెండి మీద 15 శాతం ఉన్న దిగుమతి సుంకం 2024 జులై బడ్జెట్‌లో ఒక్కసారిగా 6 శాతానికి తగ్గింది. కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున ఈ రెండు శీర్షికల సుంకాన్ని, దిగుమతి విధానాన్ని కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. పైన ఐజీఎస్టీ కూడా ఉంటుంది.

కొందరు అమ్మకందారులు ‘బహుమతి’ అని రాసి, విలువ పది డాలర్లు వేస్తామంటారు. ఒప్పుకోవద్దు. బహుమతుల పేరిట సుంకం లేకుండా వచ్చే వెసులుబాటును ప్రభుత్వం 2019 డిసెంబర్‌లోనే తీసేసింది. తప్పుడు ప్రకటన ఉంటే 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు, జరిమానా రెండూ పడవచ్చు. దారిలో పోతే బీమా కూడా ఆ పది డాలర్లకే.

బంధువుల చేత తెప్పించుకోవడం తేలికనిపిస్తుంది. అయితే బ్యాగేజీ నిబంధనలు ఆభరణాలు కాని బంగారం, వెండిని ఏ రూపంలో ఉన్నా సుంకం లేని పరిమితి నుంచి మినహాయించాయి. చేతి గొలుసుకు వర్తించే వెసులుబాటు నాణేనికి వర్తించదు. హైదరాబాద్‌లో దిగినా, చెన్నైలో దిగినా రెడ్ చానెల్‌లో ప్రకటించి రసీదు తీసుకోవాలి. ప్రయాణానికి ముందు ఆ రోజుకు అమల్లో ఉన్న నిబంధనలు చూసుకోమని వచ్చేవారికి చెప్పడం మర్యాద కూడా, పాపం పట్టుబడేది వారే. అక్కడి నుంచి శ్రీ విజయపురానికి దేశీయ ప్రయాణమే కాబట్టి మళ్లీ సుంకం లేదు. నాణేన్ని చేతి సంచిలో రసీదుతో పాటు ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణం లేదు

1972 పురావస్తువులు, కళాఖండాల చట్టం నాణేలను పేరు పెట్టి ప్రస్తావించింది. వందేళ్లకు తక్కువ కాకుండా ఉనికిలో ఉన్న ఏ నాణెమైనా పురావస్తువే. స్వదేశీ, విదేశీ అన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. మూడో సెక్షన్ ప్రకారం పురావస్తువును కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థలు తప్ప మరెవరూ ఎగుమతి చేయకూడదు. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్స్ కావాలి.

మోర్గాన్ డాలర్లన్నీ ఇప్పటికే వందేళ్లు దాటాయి. పీస్ డాలర్లు ఒక్కో ఏడాదీ గీత దాటుతున్నాయి. 1921 నుంచి 1925 వరకూ వచ్చినవి 2025తో దాటేశాయి, 1935 నాటివి 2035లో దాటుతాయి. గ్రేడింగ్‌కు అమెరికా పంపడం, అక్కడి వేలంలో అమ్మడం, నచ్చలేదని వాపసు చేయడం, ఇవన్నీ ఎగుమతులే. ‘నకిలీ అయితే పురావస్తువు కాదు కదా’ అనవచ్చు. ఒక వస్తువు పురావస్తువా కాదా అని తేల్చే అధికారం 24వ సెక్షన్ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్‌కు, ఆయన నియమించిన అధికారికి ఇచ్చింది, కొన్నవారికి కాదు. వాపసు గడువు పద్నాలుగు రోజులో ముప్ఫై రోజులో అని అమెరికా అమ్మకందారు రాసిన షరతు ఇక్కడివారికి కాగితం మీదే పనికొస్తుంది.

అమెరికాలో నమ్మకమైన బంధువు ఉంటే మధ్యేమార్గం ఒకటి ఉంది. నాణేన్ని ముందు వారి చిరునామాకు తెప్పించి, అనుమానం ఉంటే అక్కడే గ్రేడింగ్ చేయించి, నచ్చకపోతే అక్కడి నుంచే వాపసు చేయడం. నిలిచిన నాణేన్ని మాత్రమే భారత్‌కు తేవడం. కొన్ని నెలలు ఆలస్యమైనా ఇదే సురక్షితం.

ఉప్పుగాలిలో వెండి

దీవుల్లో ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన, ఏడాది పొడవునా తేమ. గాలిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది, ఉప్పు అందులోని పది శాతం రాగిని పట్టుకుంటుంది. స్లాబ్ గాలి చొరని పెట్టె కాదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, ఆ సంచులను వానాకాలంలో తరచూ మార్చాలి. మెత్తని పీవీసీ ఆల్బమ్ కవర్లు వాడితే కొన్నాళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు పేరుకుంటుంది. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక కాగితం కూడా దగ్గర ఉంచకూడదు.

దిగుమతి బెడద లేకుండా ఇదే చరిత్రను చేతపట్టుకోవాలనుకునేవారికి 1918-20 నాటి అయిదో జార్జి రూపాయిలు దేశమంతటా దొరుకుతాయి. 11.66 గ్రాములు తూగాలి, బొంబాయిలో ముద్రించినదైతే చిన్న చుక్క గుర్తు ఉంటుంది. ఈ దీవులకు సొంత నాణెమూ ఒకప్పుడు ఉండేది. 1858లో మొదలైన ఖైదీల వలసలో వాడుకకు 1861, 1866 సంవత్సరాలతో రాగి ‘అండమాన్ టోకెన్’లు వచ్చాయి, విలువ ఒక రూపాయి. 1890లలో ఇక్కడ చీఫ్ కమిషనర్‌గా ఉన్న రిచర్డ్ కార్నాక్ టెంపుల్ ద్రవ్యం పుట్టుక మీద పరిశోధన వ్యాసాలే రాశారు. నికోబారీలు లెక్కను కొబ్బరికాయల్లో కట్టడం ఆయన గమనించినవాటిలో ఒకటి. అండమాన్ టోకెన్ వేలానికి వచ్చేది బహు అరుదుగా. వచ్చినప్పుడు మంచి స్థితిలో ఉన్నదాని కోసం పోటీ గట్టిగానే ఉంటుంది. దీనికీ నకిలీల బెడద తప్పదు, రాగి కాబట్టి వెండికి చెప్పిన నీటి పరీక్షలో దీనికి 8.9 దగ్గర రావాలి.